గర్భిణుల రక్తపుపోటు: రక్తపరీక్ష చెప్పగలిగినది, చెప్పలేనిది

ప్రసవం స్త్రీకి పునర్జన్మ అని పూర్వులు అనేవారు. వైద్యశాస్త్రం పెరిగినకొద్దీ ఆ మాటలోని భయం చాలావరకు తగ్గింది. భారత ప్రభుత్వం వారి నమూనా నమోదు లెక్కల ప్రకారం 2018-20 సంవత్సరాలలో లక్ష సజీవ జననాలకు తల్లుల మరణాలు దేశం మొత్తానికి 97 కాగా, ఆంధ్రప్రదేశ్‌లో 45, తెలంగాణలో 43. ఒక తరం కిందటి స్థితితో పోల్చి చూస్తే ఇది గొప్ప ప్రగతి. అయినా మిగిలిపోయిన మరణాలకు కారణాలు వెతికితే రక్తస్రావంతోపాటు ముందువరుసలో కనిపించేది రక్తపుపోటు. గర్భిణులకు రక్తపుపోటుతో వచ్చే ఉపద్రవాల వల్ల ప్రపంచం మొత్తంమీద ఏటా నలభైవేలకు పైగా తల్లులు ప్రాణాలు కోల్పోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

ఖతార్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఇది దూరపు సంగతిగా తోచవచ్చు. దోహాలో హమద్ వైద్యసంస్థ వారి విమెన్స్ వెల్‌నెస్ అండ్ రీసెర్చ్ సెంటర్ ఉంది. 2018లో ప్రధాన భవనం తలుపులు తెరిచిన సిద్రా ఆసుపత్రి ఉంది. పేటపేటకూ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు ఉన్నాయి. ఆసుపత్రులకు లోటు లేదు. అయితే గర్భం ధరించడానికి ముందే రక్తపుపోటు ఉన్న స్త్రీల విషయంలో ఆసుపత్రి ఎంత మంచిదైనా ఒక చిక్కు మిగిలే ఉంటుంది. పైచదువులు, ఉద్యోగం, వీసా, ఆ తరువాత పెళ్ళి, ఆపైన సంతానం అనే క్రమంలో తొలికాన్పు ముప్పయి ఏళ్ళు దాటాక రావడం ప్రవాస కుటుంబాలలో వింత కాదు. 2019-21లో జరిగిన అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో రెండు తెలుగు రాష్ట్రాలలోనూ పదిహేనేళ్ళు, ఆపైబడిన స్త్రీలలో ఇంచుమించు నాలుగోవంతు మందికి రక్తపుపోటు ఉన్నట్లు తేలింది. వీరిలో పెద్దవయసువారే ఎక్కువైనా, సంతానవయసులో ఉన్నవారు లేకపోలేదు.

ఇటువంటి గర్భిణుల రక్తంలో కొన్ని ప్రొటీన్లను కొలిచి రాబోయే అపాయాన్ని పసిగట్టే పరీక్షలు ఇటీవల వాడుకలోకి వచ్చాయి. అవి విలువైనవి. కాని ఆ విలువ దక్కాలంటే గర్భానికి ముందు నాటి రక్తపుపోటు ఎంతో తెలిసి ఉండాలి, తొమ్మిది నెలల వైద్య వృత్తాంతం ఒక్కచోట ఉండాలి. ప్రవాస కుటుంబాలలో తరచు లోపిస్తున్నవి ఈ రెండే. పరీక్షను ఆహ్వానించడానికి ముందు ఈ లోపాన్ని సరిదిద్దుకోవడం అవసరం.

రెండు పాత సాక్షులు

గర్భిణికి హఠాత్తుగా మూర్ఛలు వచ్చే వ్యాధిని తెలుగు పల్లెలలో గుర్రపువాతం అనేవారు. వైద్యులు దానిని ఎక్లాంప్సియా అంటారు. మెరుపు మెరిసినట్లు రావడం అనే అర్థమున్న గ్రీకు మాట నుంచి వచ్చిన పేరు అది. ఈ మెరుపుకు ముందు మబ్బు పట్టే దశ ఒకటి ఉంటుందని తెలుసుకోవడానికి చాలాకాలం పట్టింది. 1843లో లండన్‌లోని గైస్ ఆసుపత్రిలో జాన్ లీవర్ అనే వైద్యుడు మూర్ఛలు వచ్చిన గర్భిణుల మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్ ఉన్నట్లు గమనించాడు. 1896లో ఇటలీ వైద్యుడు రివా-రోచీ చేతికి పట్టీ చుట్టి రక్తపుపోటు కొలిచే సాధనాన్ని రూపొందించాడు. 1905లో రష్యా వైద్యుడు కొరొట్కోవ్ స్టెతస్కోపు పెట్టి వినే పద్ధతిని దానికి జోడించాడు. చేతిపట్టీ ఒకటి, మూత్రపరీక్ష ఒకటి. ఈ రెండు సాక్ష్యాల మీదనే ఆ తరువాత నూరేళ్ళపాటు వైద్యులు తీర్పు చెబుతూ వచ్చారు.

ఇరవై వారాలు నిండిన తరువాత కొత్తగా పోటు 140/90కి చేరి, దానితోపాటు మూత్రంలో ప్రొటీన్ కనిపించినా, మూత్రపిండాలు, కాలేయం, మెదడు వంటి అవయవాలు దెబ్బతింటున్న సూచనలు కనిపించినా దానిని ప్రీఎక్లాంప్సియా అంటారు. ఇరవై వారాలకు ముందే, లేదా గర్భానికి ముందే, పోటు 140/90 ఉంటే అది దీర్ఘకాలిక రక్తపుపోటు. ఈ రెండూ వేరువేరు. కాని మొదటిది రెండవదాని మీద స్వారీ చేయగలదు. 2014లో అనేక అధ్యయనాలను కలిపి పరిశీలించిన ఒక సమీక్షలో దీర్ఘకాలిక రక్తపుపోటు ఉన్న గర్భిణులలో నూటికి దాదాపు 26 మందికి ప్రీఎక్లాంప్సియా కూడా వచ్చినట్లు తేలింది.

చిక్కు ఇక్కడే ఉంది. ఈ స్త్రీకి పోటు మొదటినుంచీ హెచ్చుగానే ఉంది. ఏళ్ళ తరబడి పోటు ఉన్నందువల్ల మూత్రపిండాలు కొద్దిగా దెబ్బతిని ఉంటే మూత్రంలో ప్రొటీన్ కూడా మొదటినుంచీ ఉండవచ్చు. ముప్పయ్యవ వారంలో పోటు ఇంకా పెరిగిందనుకుందాం. పాత జబ్బు ముదిరిందా, కొత్త ఉపద్రవం మొదలయిందా? మొదటిదయితే మందు మోతాదు సరిచేసి ఇంటికి పంపవచ్చు. రెండవదయితే ఆసుపత్రిలో ఉంచాలి, నెలలు నిండకుండానే ప్రసవం చేయించవలసి రావచ్చు. పొరపాటున తొందరపడితే బిడ్డ అకారణంగా రెండు నెలలు ముందు పుట్టి ఊపిరితిత్తులు పండక యాతన పడుతుంది. పొరపాటున ఆలస్యం చేస్తే తల్లి ప్రాణానికే ముప్పు. సరిగా ఈ ఘట్టంలోనే పాత సాక్షులిద్దరూ తడబడతారు.

యూరిక్ ఆమ్లం, క్రియాటినిన్, ప్లేట్‌లెట్ల సంఖ్య, కాలేయపు ఎంజైములు మొదలైన రక్తపరీక్షలు చాలాకాలంగా ఉన్నాయి. అవసరమైన పరీక్షలే. అయితే ఇవి ఎక్కువగా అవయవాలకు దెబ్బ తగిలిన తరువాత మారే కొలతలు. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకున్న చందం. జబ్బు పుట్టినచోటు నుంచే కబురు తెచ్చే సూచిక కావలసి వచ్చింది.

మాయ పంపే కబురు

ఈ జబ్బు పుట్టుక మాయలో ఉంది. గర్భం తొలినెలలలో మాయకు చెందిన కణాలు గర్భాశయపు గోడలోకి చొచ్చుకుపోయి, అక్కడి సన్నని మెలికల ధమనులను వెడల్పయిన కాలువలుగా మారుస్తాయి. ఆ మార్పు సరిగా జరగకపోతే మాయకు రక్తం చాలదు. చాలని రక్తంతో అవస్థపడే మాయ తల్లి రక్తంలోకి కొన్ని పదార్థాలను అధికంగా వదులుతుంది.

వాటిలో ముఖ్యమైనదేదో 2003లో తేలింది. అమెరికాలోని బోస్టన్ నగరంలో బెత్ ఇజ్రాయెల్ డీకనెస్ వైద్యకేంద్రంలో షారన్ మేనార్డ్, భారతీయ మూలాలు గల మూత్రపిండ వైద్యుడు అనంత్ కరుమంచి, వారి సహచరులు ఎస్-ఫ్లిట్-1 అనే ప్రొటీన్ ప్రీఎక్లాంప్సియా వచ్చిన స్త్రీల రక్తంలో అధికంగా ఉన్నట్లు చూపారు. దీని పని అర్థం చేసుకోవడం కష్టం కాదు. రక్తనాళాల లోపలిపొరను ఆరోగ్యంగా ఉంచే వృద్ధికారకాలు కొన్ని రక్తంలో ప్రవహిస్తుంటాయి. అవి కణాల మీద ఉండే గ్రాహకాలకు అతుక్కుని తమ సందేశం అందిస్తాయి. అటువంటి గ్రాహకం ఒకటి కణాన్ని వదిలి, రక్తంలో స్వేచ్ఛగా తిరిగే రూపమే ఎస్-ఫ్లిట్-1. అది వృద్ధికారకాలను దారిలోనే పట్టి బంధిస్తుంది. ఉత్తరాలు గమ్యం చేరకముందే దారిలో మాయమయితే ఇల్లు ఎట్లా నడుస్తుంది? రక్తనాళాలు బిగుసుకుని పోటు పెరుగుతుంది. మూత్రపిండాలలోని జల్లెడ దెబ్బతిని ప్రొటీన్ కారిపోతుంది. ఈ ప్రొటీన్‌ను చూడి ఎలుకలలో పుట్టించినప్పుడు పోటు, మూత్రంలో ప్రొటీన్ రెండూ కనిపించాయి. కాన్సర్ చికిత్సలో ఇదే వృద్ధికారకాన్ని అడ్డుకునే బెవాసిజుమాబ్ అనే మందు వాడినవారిలో, వారు పురుషులైనా సరే, పోటు పెరగడం, మూత్రంలో ప్రొటీన్ పోవడం తెలిసిన దుష్ఫలితాలే. రెండు దారులూ ఒకే ఊరికి చేరాయి.

ఎస్-ఫ్లిట్-1 బంధించే వాటిలో ఒకటి జరాయు వృద్ధికారకం. వైద్యులు దానిని పి.ఎల్.జి.ఎఫ్. అంటారు. మామూలు గర్భంలో ఇది నెలనెలా పెరిగి ఏడెనిమిది నెలలకు శిఖరం చేరి, ఆ తరువాత తగ్గుతుంది. మాయ జబ్బుపడినప్పుడు ఆ శిఖరానికి చేరదు. జబ్బు లక్షణాలు బయటపడటానికి దాదాపు అయిదు వారాల ముందునుంచే ఎస్-ఫ్లిట్-1 పెరుగుతుందనీ, పి.ఎల్.జి.ఎఫ్. తగ్గుదల అంతకంటె ముందే కనిపిస్తుందనీ 2004లో వెలువడిన మరొక పరిశోధన చూపింది. ఒకటి పెరిగి, ఒకటి తగ్గుతుంది కనుక మొదటిదాన్ని రెండవదానితో భాగిస్తే వచ్చే నిష్పత్తిలో తేడా మరింత స్పష్టంగా కనిపిస్తుంది.

దీర్ఘకాలిక రక్తపుపోటు ఉన్న స్త్రీకి ఇందులో ఉన్న మేలు ఏమిటంటే, ఆమె పాత పోటుకు మాయతో సంబంధం లేదు. మాయ కులాసాగా ఉన్నంతవరకు, పోటు హెచ్చుగా ఉన్నా, ఈ నిష్పత్తి సాధారణంగా కుదురుగానే ఉంటుంది. చేతిపట్టీ చెప్పలేని తేడాను ఈ కొలత చెప్పగలగడం అందుకే.

కొలిచే విద్య కూడా తక్కువది కాదు. పి.ఎల్.జి.ఎఫ్. మిల్లీలీటరు రక్తరసంలో 100 పికోగ్రాములకు తగ్గితే అనుమానించాలని ఒక పద్ధతిలో హద్దు పెట్టారు. ఒక కోటి లీటర్ల నీటిలో ఒక గ్రాము పదార్థాన్ని కరిగిస్తే వచ్చేంత పలచన అది. ఒక ప్రతిరక్షకం ఆ ప్రొటీన్‌ను పట్టి నిలుపుతుంది, కాంతినిచ్చే మరొక ప్రతిరక్షకం దాని మీద వాలుతుంది, వెలువడిన వెలుగును యంత్రం లెక్కిస్తుంది. రక్తంలోని పదార్థాన్ని వెలుగుతో, రంగుతో కొలిచే విద్య తెలుగువారికి పరాయిది కాదు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1925లో సైరస్ ఫిస్కేతో కలిసి ప్రకటించిన ఫాస్ఫరస్ కొలత పద్ధతి రంగు చిక్కదనం మీద ఆధారపడినదే. దశాబ్దాలపాటు ప్రపంచమంతటా ప్రయోగశాలలు దానిని వాడాయి. గర్భిణులు ఈనాడు వేసుకునే ఫోలిక్ ఆమ్లపు మాత్ర వెనుక కూడా 1940లలో ఆయన నాయకత్వాన లెడర్లీ ప్రయోగశాలలో జరిగిన కృషి ఉంది.

అంకెల విలువ ఎంత?

2016లో 14 దేశాల స్త్రీలతో జరిగిన ప్రోగ్నసిస్ అనే అధ్యయనం ఫలితాలు వచ్చాయి. ప్రీఎక్లాంప్సియా ఉందేమోనని అనుమానం కలిగిన గర్భిణులలో నిష్పత్తి 38, అంతకు లోపు ఉంటే, ఆ తరువాతి వారంరోజులలో జబ్బు రాదని 99.3 శాతం నమ్మకంతో చెప్పవచ్చునని తేలింది. 2019లో బ్రిటన్‌లోని 11 ప్రసూతి కేంద్రాలలో వెయ్యికి పైగా స్త్రీలతో జరిగిన పారట్ అధ్యయనంలో, పి.ఎల్.జి.ఎఫ్. ఫలితం వైద్యునికి తెలిసినప్పుడు రోగనిర్ణయానికి పట్టే కాలం సగటున 4.1 రోజుల నుంచి 1.9 రోజులకు తగ్గింది. తల్లులకు తీవ్ర ఉపద్రవాలు కూడా తగ్గాయి. అమెరికాలో ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2023 మే నెలలో మొదటిసారిగా ఇటువంటి పరీక్షను అనుమతించింది. అక్కడ పెట్టిన హద్దు 40. రక్తపుపోటుతో ఆసుపత్రిలో చేరిన, 23 నుంచి 35 వారాల మధ్య ఉన్న గర్భిణులలో రెండు వారాలలోపల జబ్బు తీవ్రరూపం దాలుస్తుందా అన్నది అంచనా వేయడం దాని ప్రయోజనం. బ్రిటన్ జాతీయ మార్గదర్శకాలు దీర్ఘకాలిక రక్తపుపోటు ఉన్న స్త్రీలను పేరుపెట్టి ప్రస్తావించి, 20 వారాల నుంచి 37 వారాల లోపు ప్రీఎక్లాంప్సియా అనుమానం వస్తే ఈ పరీక్ష చేయించాలని చెబుతున్నాయి.

ఇంతవరకు చెప్పినది పరీక్షకు అనుకూలమైన వాదం. ఎదుటి పక్షం వాదం కూడా వినవలసినదే. నిష్పత్తి తక్కువగా ఉంటే ధైర్యం చెప్పడంలో ఈ పరీక్ష దిట్ట. ఎక్కువగా ఉంటే మాత్రం అంత దిట్ట కాదు. ప్రోగ్నసిస్ అధ్యయనంలోనే హద్దు దాటినవారిలో నాలుగు వారాలలోపల జబ్బు వచ్చినవారు 36.7 శాతమే. అంటే ముగ్గురిని భయపెడితే ఒకరికి నిజమైంది. 2021లో ఐర్లండ్‌లో ఏడు ఆసుపత్రులలో జరిగిన అధ్యయనంలో ఈ పరీక్షవల్ల తల్లులకు గాని, శిశువులకు గాని చెప్పుకోదగిన మేలు కనిపించలేదు. ఒకసారి చేసిన పరీక్షను మళ్ళీ మళ్ళీ చేయడంవల్ల అదనపు ప్రయోజనం లేదని 2024లో బ్రిటన్ నుంచే వచ్చిన మరొక అధ్యయనం తేల్చింది. పైగా ఈ పరిశోధనలలో అధికభాగం ఐరోపా, అమెరికా స్త్రీలతో జరిగినవి. అన్నిటికీ మించి, ఈ జబ్బుకు ప్రసవం తప్ప మరొక మందు లేదు.

ఈ అభ్యంతరాలు నిజమైనవే. అయితే వాటినుంచి రావలసిన నిర్ణయం పరీక్ష వద్దని కాదు, దానిని తగినచోట తగినప్పుడు వాడాలని. ఏ లక్షణమూ లేని గర్భిణికి, ప్రయోగశాలవారు పొట్లంకట్టి అమ్మే పరీక్షల జాబితాలో భాగంగా ఇది చేయించడంవల్ల ఒరిగేది ఆందోళనే. ముందునుంచే పోటు ఉన్న స్త్రీకి ఇరవై వారాల తరువాత పోటు పెరిగి, వైద్యునికి సందేహం కలిగినప్పుడు ఇదే పరీక్ష ఒక ప్రశ్నకు సమాధానం చెబుతుంది. ప్రశ్న లేని సమాధానం ఎవరికీ ఉపయోగపడదు. ఖరీదైన పరీక్ష మంచి పరీక్ష అనే భ్రమ ప్రవాస కుటుంబాలలో కొంత పాతుకుని ఉంది. దానిని వదులుకోవాలి.

పరీక్షకు ముందు చేయవలసినవి

పరీక్ష జబ్బును ఆపదు. ఆపగలిగినవి కొన్ని దానికి ముందే ఉన్నాయి. 2022లో అమెరికాలో 2,408 మంది గర్భిణులతో జరిగిన చాప్ అధ్యయనం వీటిలో ముఖ్యమైనది. వీరందరికీ దీర్ఘకాలిక రక్తపుపోటు తక్కువస్థాయిలో ఉంది. ఒక వర్గానికి పోటును 140/90 లోపు ఉంచేటట్లు మందులు ఇచ్చారు. రెండవ వర్గానికి పోటు 160/105 దాటితేనే ఇచ్చారు. తీవ్రమైన ప్రీఎక్లాంప్సియా, వైద్యకారణాల వల్ల 35 వారాల లోపు ప్రసవం, మాయ ముందుగా విడిపోవడం, శిశుమరణం, ఈ నాలుగింటిలో ఏదో ఒకటి రెండవ వర్గంలో నూటికి 37 మందికి సంభవిస్తే, మొదటి వర్గంలో 30 మందికే సంభవించింది. పోటు తగ్గిస్తే బిడ్డకు రక్తం చాలక ఎదుగుదల తగ్గుతుందన్న పాతభయానికి ఆధారం దొరకలేదు. కడుపుతో ఉన్నప్పుడు మందులు మింగకూడదని కోడలి చేత మాత్రలు మాన్పించే అత్తగార్లు, అమ్మగార్లు ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే చాలు.

మందులలో ఏది అన్నది మాత్రం వైద్యుడే చెప్పాలి. టెల్మిసార్టాన్, రామిప్రిల్ వర్గాల మాత్రలు గర్భిణులకు నిషిద్ధం. బిడ్డ మూత్రపిండాలకు అవి హాని చేస్తాయి. సెలవుకు ఇంటికి వెళ్ళినప్పుడు ఆరు నెలలకు సరిపడా మాత్రలు కొని పెట్టెలో పెట్టుకుని దోహాకు తెచ్చుకునే అలవాటు చాలామందికి ఉంది. ఆ పెట్టెలో ఉన్నది ఏ వర్గపు మాత్రో సంతానం కోరుకునే స్త్రీ ముందుగానే తెలుసుకోవాలి. లాబెటలాల్, నిఫెడిపిన్, మిథైల్‌డోపా వంటివి గర్భంలో వాడదగినవి. మార్పు గర్భం నిర్ధారణ అయ్యేదాకా వాయిదా వేయదగినది కాదు.

దీర్ఘకాలిక రక్తపుపోటు ఉన్నవారికి పన్నెండవ వారం నుంచి తక్కువ మోతాదు ఆస్పిరిన్ ఇవ్వాలని పలు దేశాల మార్గదర్శకాలు సూచిస్తున్నాయి. 2017లో వచ్చిన ఆస్ప్రే అధ్యయనంలో 150 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ 37 వారాలలోపు వచ్చే ప్రీఎక్లాంప్సియాను 4.3 శాతం నుంచి 1.6 శాతానికి తగ్గించింది. అయితే అదే అధ్యయనంలో ముందునుంచే పోటు ఉన్న కొద్దిమందిని విడిగా చూసినప్పుడు ఆ మేలు కనిపించలేదు. కనుక ఆస్పిరిన్ వేసుకుంటున్నాం కదా అని నిశ్చింతగా ఉండరాదు. ఉప్పు సంగతి కూడా ఇక్కడ చెప్పాలి. ప్రీఎక్లాంప్సియా రాకుండా ఉండటానికి గర్భిణికి ఉప్పు తగ్గించనక్కరలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లోనే చెప్పింది. ఆవకాయ తిన్నందువల్ల జబ్బు వచ్చిందని గర్భిణిని నిందించడం అన్యాయం. ఉప్పిడి తినిపించి జబ్బు రాదని నమ్మడం అంతకంటె ప్రమాదం.

రెండు పడవల ప్రయాణం

ఖతార్ తెలుగు కుటుంబాల ప్రత్యేక సమస్య ఒకటుంది. తొలికాన్పు పుట్టింట జరగాలన్నది తెలుగువారి ఆచారం. ప్రవాసంలో దీనికి అవసరం కూడా తోడయింది. భర్త ఉద్యోగానికి వెళితే గర్భిణికి తోడు ఉండేవారు లేరు. అందుచేత అయిదారు నెలలు దోహాలో చూపించుకుని, సీమంతం పేరుతో ఏడవ నెలలో హైదరాబాదుకో, విజయవాడకో, విశాఖపట్నానికో వెళ్ళడం పరిపాటి. విమానసంస్థలు చాలావరకు 28 వారాల తరువాత వైద్యుని పత్రం అడుగుతాయి కనుక ప్రయాణం ఆ వేళకే కుదురుతుంది. మాయ జబ్బుపడితే ఆ సంగతి బయటపడటం మొదలయ్యే కాలం కూడా సరిగా అదే.

ముప్పయి నాలుగేళ్ళ ఒక గృహిణిని ఊహించుకోవచ్చు. ఆమెకు రెండేళ్ళుగా పోటు ఉంది. పెళ్ళివారికి, ఆ తరువాత అత్తవారికి చెప్పలేదు. గర్భిణిగా మొదటిసారి పోటు చూసింది నాలుగవ నెల చివర. ఆ నెలలలో శరీరధర్మం ప్రకారం ఎవరికైనా పోటు కొంత తగ్గుతుంది. కనుక అంకె మామూలుగానే కనిపించింది. ముప్పయ్యవ వారంలో విజయవాడ వైద్యురాలు చూసేసరికి 150/100. ఆమె చేతిలో పాత అంకె ఒక్కటే ఉంది, అది మామూలు అంకె. ఇది పాతపోటా, కొత్త ఉపద్రవమా? వైద్యురాలు ఎంత నిపుణురాలైనా చీకటిలో బాణం వేయవలసిందే. అటువంటప్పుడు ఎస్-ఫ్లిట్-1, పి.ఎల్.జి.ఎఫ్. నిష్పత్తి కొంత వెలుగునిస్తుంది. అయితే దోహాలో ఒక యంత్రం మీద వచ్చిన అంకెను, విజయవాడలో మరొక యంత్రం మీద వచ్చిన అంకెతో పక్కపక్కన పెట్టి పోల్చరాదు. ప్రతిరక్షకాలు వేరు, హద్దులు వేరు. అంకెతోపాటు యంత్రం పేరు, పరీక్ష చేసిన వారం కూడా రాసి ఉంచుకోవాలి.

కాబట్టి దీర్ఘకాలిక రక్తపుపోటు ఉన్న గర్భిణి మొదట నిర్ణయించుకోవలసినది ప్రసవం ఏ ఊళ్ళో అన్నది. వీలయితే ఒక్క ఊళ్ళోనే తొమ్మిది నెలలూ చూపించుకోవడం, తల్లినో అత్తగారినో దోహాకు రప్పించుకోవడం మేలు. పుట్టింటికి వెళ్ళక తప్పకపోతే ఏడవ నెలదాకా ఆగక ముందే వెళ్ళాలి. వెంట ఒక కాగితం ఉండాలి. గర్భానికి ముందు నాటి పోటు, మూత్రంలో ప్రొటీన్, క్రియాటినిన్ ఎంతెంత, పన్నెండు వారాల లోపు ఇవే కొలతలు ఎంతెంత, ఏ మందు ఏ మోతాదులో, ఏ తేదీన మార్చారు అన్నవి అందులో ఉంటే ఒక్క పుట చాలు. ఆ ఒక్క పుట లేనప్పుడు ఎంత అధునాతనమైన రక్తపరీక్ష అయినా సగం మాటే చెబుతుంది.

తీవ్రమైన తలనొప్పి, కళ్ళముందు మెరుపులు లేదా మసక, డొక్కలకింద నొప్పి, వాంతులు, ముఖమూ చేతులూ హఠాత్తుగా వాయడం, ఆయాసం, బిడ్డ కదలికలు తగ్గడం, వీటిలో ఏది కనిపించినా, పోటు 160/110 చేరినా, ఏ పరీక్ష ఫలితం కోసమూ ఆగక ఆసుపత్రికి వెళ్ళాలి. ప్రసవమయిన తరువాత కూడా అపాయం వెంటనే తొలగదు. పోటు కాన్పు అయిన మూడవ రోజు నుంచి ఆరవ రోజు దాకా శిఖరానికి చేరుతుంది. పురిటి హడావుడిలో, బారసాల ఏర్పాట్లలో బాలింత చేతికి పట్టీ చుట్టడం మరచిపోరాదు. ప్రీఎక్లాంప్సియా వచ్చిన స్త్రీకి తరువాతి జీవితంలో గుండెజబ్బు వచ్చే అవకాశం ఇతరులతో పోలిస్తే దాదాపు రెండింతలని 2007లో వెలువడిన సమీక్ష ఒకటి తెలిపింది. బిడ్డ బడికి వెళ్ళే వయసు వచ్చాక కూడా తల్లి ఏటా ఒకసారి పోటు చూపించుకోవడం అందుకే.

సంఘాలు చేయగల పని

ఖతార్‌లో ఏడు లక్షలకు పైగా భారతీయులు ఉన్నారు. భారత రాయబార కార్యాలయం ఆధ్వర్యంలోని ఇండియన్ కమ్యూనిటీ బెనివొలెంట్ ఫోరం వైద్యశిబిరాలు నిర్వహిస్తున్నది. తెలుగు సంఘాలు ఉగాదికీ, సంక్రాంతికీ, దసరాకూ వందల కుటుంబాలను ఒకచోట చేరుస్తున్నాయి. ఆ సభలలో ఒక మూల రెండు కుర్చీలు, ఒక రక్తపుపోటు సాధనం, ఓపిక గల ఒక నర్సు ఉంటే చాలు. పోటు పరీక్ష నడివయసు పురుషులకే అన్న భావం పోవాలి. పెళ్ళయిన యువతులను ప్రత్యేకంగా పిలిచి చూడాలి. చూసిన అంకెను చీటీమీద రాసి వారి చేతికే ఇవ్వాలి. ఆ చీటీయే రేపు ఆ గర్భిణి వెంట ఉండవలసిన కాగితంలో మొదటి పంక్తి.

పరిశోధన విషయంలో కూడా ఒక మాట. 2012లో ప్రారంభదశ మొదలైన ఖతార్ బయోబ్యాంక్ ఖతారీ పౌరులనూ, పదిహేనేళ్ళకు తక్కువ కాకుండా అక్కడ నివసించిన ప్రవాసులనూ చేర్చుకుంటూ వచ్చింది. కొత్తగా పెళ్ళయి వచ్చిన యువతికి ఆ అర్హత రావడానికి ముందే ఆమె కాన్పులు పూర్తయిపోతాయి. దక్షిణాసియా స్త్రీలకు ఈ రక్తసూచికల హద్దులు ఎంత ఉండాలన్నది దక్షిణాసియా స్త్రీల రక్తంలోనే తేలవలసిన విషయం. దోహా ప్రసూతి ఆసుపత్రులలో వారు పెద్దసంఖ్యలో ఉన్నారు. వారి అంగీకారంతో, వారి గోప్యతకు భంగం లేకుండా అటువంటి అధ్యయనం జరిగితే దాని ఫలితం దోహాకే పరిమితం కాదు, గుంటూరుకూ వరంగల్లుకూ కూడా అందుతుంది. అడిగితే తప్ప ఇటువంటివి జరగవు. అడగడానికి సంఘాలకు గొంతు ఉంది.

పోటు ఉందని చెప్పుకోవడం నామోషీ అనుకునే కాలం పోవాలి. అమ్మాయికి బి.పి. అని బయటికి పొక్కితే సంబంధాలు రావని దాచిన సంగతి, కాన్పు బల్లమీద దాగదు. దాచడంవల్ల నష్టపోయేది అమ్మాయి, ఆమె కడుపులోని బిడ్డ. వైద్యుడు అడిగినప్పుడు నిజం చెప్పడానికి ఇంట్లో ఆమెకు స్వేచ్ఛ ఉండాలి. ఆ స్వేచ్ఛ ఇవ్వవలసినవారు భర్త, అత్తమామలు, తల్లిదండ్రులు. అది ఉన్ననాడు రక్తంలోని కోటి లీటర్లకు ఒక గ్రాము కొలిచే యంత్రం తన పని తాను చేస్తుంది.